తువ్వాల కింద రెండు వేళ్ళు

దేవరకద్ర సంతల ఇయ్యాల బర్రెనమ్మిన.
బేరం కుదిర్చింది కుర్మూర్తి.
మీకు ఆయన దళారి.
నాకు మాత్రం
ఎడమ అరచేతిల ఇంకా సల్లారని మంట.

చిన్నప్పుడు వానికి బంతి తెల్వదు, వడిసెల తెల్సు.
జొన్నచేను మంచె మీద నిలవడి రాయి ఇసిరితే
చిలుకకు తాకకపోయేది,
చిలుక పక్కనున్న కంకి ఊగేది.
"కొట్టొద్దు మైబూ, బెదిరిస్తే సాలు" అనేటోడు.
తర్వాత వాని ఆటంత గదే.
బ్యాటు పట్టినోన్ని ఒక్కనాడు గాయం చెయ్యలె,
వాని గడ్డం కింది గాలిని మాత్రం
సన్నగ కోసి పోయేది బంతి.

పీటీ సారు గోవర్ధన్
పాలమూరు నుంచి రెండు తోలు గ్లౌజులు తెచ్చిండు.
ఒకటి చినిగింది.
పట్టేటోనికి చినిగిందైనా నడుస్తదని
నాకిచ్చిండు, పుణ్యాత్ముడు!
లోపల మా అమ్మ బొంత ముక్క పెట్టి కుట్టింది.
అయినా పొద్దుమీకి
అన్నం ముద్ద పట్టరాకపోయేది.

బంతి మీద కుట్లు నూటెనిమిది.
ఒకనాడు కాలువ గట్టు మీద కూసొని లెక్కవెట్టినం.
"మా తాత జపమాల లెక్క" అన్నడు వాడు.
మా నాయిన తస్బీల తొంభై తొమ్మిదే.
"ఎక్కువొచ్చిన తొమ్మిది?"
"మన టీమోళ్లయి" అన్నడు.

నా మోకాళ్ళ నడుమ వేళ్ళ భాష ఉండేది.
ఒక వేలు, సీదా.
రెండు, వంపు.
మూడు వేళ్ళకు అర్థం లేకుండె,
వాడు నవ్వాలని చూపేటోన్ని.
వద్దనుకుంటే తల అడ్డం ఊపాలె, అది ఆట పద్ధతి.
పన్నెండేండ్లల
వాడు ఒక్కసారి ఊపలె.

"ఏం ఆట బిడ్డా?"
"బేస్‌బాల్."
"అంటే, క్రికెటే గదా?"
పిల్లనిచ్చేటోళ్లు, బ్యాంకు సారు,
చివరికి చెయ్యి చూసిన డాక్టరు గూడ.
అందరికీ "ఆ, అసొంటిదే" అని చెప్పేటోడు.

పాలమూరు స్టేడియం, సెలక్షన్ మ్యాచు,
ఆఖరి ఇన్నింగ్సు.
వాని మోచేయి ఉబ్బి తాటిముంజ లెక్కయింది.
నేను చూసిన.
సీదా ఏస్తే అవతలోడు గోడ దాటిస్తడు,
అదీ చూసిన.
రెండు వేళ్ళు చూపిన.
వాడు ఇంచుక సేపు నా వేళ్ళను గాదు,
నన్ను చూసిండు.
ఏసిండు.
సగం తొవ్వల మనసు మార్చుకున్నట్టు
బంతి కిందికి దిగింది.

గెలిచినం.
పైసలిచ్చే లీగని పూనెకు తీస్కపోయిన్రు,
వాన్ని. నన్ను గాదు.
అంగీ వెనుక పేరు తప్పు రాసిన్రంట.
మొదటి చెక్కును ఫోటో తీసి పంపిండు,
రెండో చెక్కు ఇంకా తొవ్వలనే ఉన్నది.
మూడు మ్యాచులు ఆడిండు.
నాలుగోదాంట్ల
ఎండిన చింతబరిగె ఇరిగినట్టు
మోచేతిల ఒక సప్పుడు.
ఫోన్ల గంతే చెప్పిండు.
నేను సైకిల్ దుకాణంల
పంక్చరు టూబు నీళ్ళల ముంచి
బుడగలు చూసుకుంట
శానసేపు ఫోను పెట్టెయ్యలె.

సంతల బేరం నోటితోని గాదు.
తువ్వాల కప్పి, లోపల
వేలు వేలు ఒత్తుకుంట ధర చెప్పాలె.
ఈ పని వానికి ఎవ్వరు నేర్పలె.

ఇయ్యాల నా చెయ్యి తువ్వాల కిందికి గుంజుకుండు.
నాలుగు వేళ్ళు ఒత్తిండు.
నలభై వేలు, మంచి ధరే.
"కానీ" అన్న.
చెయ్యి ఇడువలె.
మల్ల రెండు వేళ్ళు పట్టుకుండు, గట్టిగ.
తగ్గిండా ఏందని ముఖం చూసిన.
ముఖంల బేరం లేదు.

నేను తల అడ్డం ఊపిన.

"ఆనాడు నాకు యాదికి రాలేర" అన్నడు,
"గట్ల ఊపొచ్చని."
అబద్ధం.
వానికి యాదికున్నది, నాకెర్కె.

బర్రె తాడు కొత్తోని చేతికిచ్చి
దళారి పైసలు తీసి వానికి చాపిన.
వద్దనలె, లెక్కవెట్టలె.
ఎడమ చేత్తోని తీసుకుండు.
కుడిది
గింత దూరం గూడ చాపరాదు.